స్పూను లెక్కలోకి వస్తుందా

నేను డాక్టర్నే కానీ మందులిచ్చే డాక్టర్ని కాను. ఈ ముక్క అమెరికాలో మా మోరిస్‌విల్ తెలుగువాళ్ళకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒకావిడ మోకాలు చూపిస్తుంది, ఒకాయన బ్లడ్ రిపోర్టు ఫోన్‌లో తెరిచి నా కంచం పక్కన పెడతాడు. "నేను పీహెచ్‌డీ డాక్టర్నండీ, నాకు దగ్గు మందు రాయడం కూడా రాదు" అంటే, "మీరు మరీనండీ" అని నవ్వుతారు. ఇంతకీ దేనిమీద రిసెర్చ్ అని అడిగితే మోటార్ న్యూరాన్ జబ్బు మీద అంటాను. అర్థం కాదు. పోనీ నరాల జబ్బు అంటే, ఒకసారి ఒక పెద్దమనిషి "ఓహో, నరాల బలహీనతా!" అని గట్టిగా అన్నాడు. బస్టాండు గోడల మీద ఆ మాటతో ఉండే ప్రకటనలు గుర్తొచ్చి చుట్టూ ఉన్నవాళ్ళంతా కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది.

కాదండీ బాబూ. మెదడులో, వెన్నుపాములో కొన్ని కణాలుంటాయి. కండరాలకి కదలమని చెప్పడం వాటి పని. ఈ జబ్బులో అవి చచ్చిపోతుంటాయి. చెప్పేవాళ్ళు లేక కండరం ఎండిపోతుంది. చెయ్యో కాలో మొదలవుతుంది, తర్వాత నాలుక, గొంతు, చివరికి ఊపిరి. చాలామందికి చివరిదాకా తెలివి ఉంటుంది, అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఆ కణాలు ఎందుకు చస్తాయో పూర్తిగా ఎవరికీ తెలియదు. పేషెంట్లు ఇచ్చిన చర్మం ముక్కల్లోంచి కణాలు తీసి, వాటిని నరాల కణాలుగా మార్చి, చిన్న చిన్న పళ్ళాల్లో పెంచి, అవి చచ్చిపోతుంటే మైక్రోస్కోపులో చూడటం నా ఉద్యోగం. పొద్దున్నే వెళ్ళి చావులు చూసి, సాయంత్రం ఇంటికొచ్చి చారు పెట్టుకునే బతుకు. పండగైనా మంచు పడినా వాటికి ఆహారం మార్చడానికి వెళ్ళాల్సిందే. "నీ సెల్స్‌కి అన్నం పెట్టొచ్చావా, ఇంక మాతో కూర్చుంటావా?" అని వదిన ఎగతాళి చేసేది.

వదిన అంటున్నాను గానీ ఆవిడతోనూ, ఆవిడ భర్త అన్నయ్యతోనూ నాకు రక్తసంబంధం ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇక్కడ ఇంతమంది దిగకముందు, నేను కొత్తగా ల్యాబ్‌లో చేరినప్పుడు, ఇండియన్ కొట్లో పెసరపప్పు ముందు నిలబడి నాలో నేను తెలుగులో గొణుక్కుంటుంటే వెనకనుంచి "కృష్ణా జిల్లాయా?" అన్న గొంతు అన్నయ్యది. హైవేలు వేసే శాఖలో ఇంజనీరు. కాంట్రాక్టర్లు పోసిన కాంక్రీటు గట్టిదో కాదో పరీక్షించి చెప్పడం ఆయన పని. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. సూపర్‌మార్కెట్ పార్కింగ్ లాట్‌లో నేను ట్రాలీల వరసని గుద్దితే, "పర్లేదే, అవి నడుస్తాయి, వాటికే పక్కకి తప్పుకోవడం తెలియాలి" అన్నాడు. మొదట్లో మీరు అనేదాన్ని. "అన్నయ్యా అని పిలుస్తూ మీరేవిటే, నేనేమన్నా నీ మామగారినా?" అని కసిరితే నువ్వులోకి దిగాను. నాకు తోబుట్టువులు లేరు. ఆయన పరిచయమయ్యాక ఆ లోటు నాకు తెలియలేదు.

ఆయనకి ఈ జబ్బు స్పూనుతో మొదలైంది.

తెలిసినవాళ్ళు కొత్త ఇల్లు కొనుక్కుని శ్రావణమాసంలో పాలు పొంగించారు. ఆ రోజు నేను ఊళ్ళో లేను, తర్వాత విన్నాను. భోజనాల దగ్గర అన్నయ్య స్పూను అడిగాడట. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసుకుని స్పూనుతో తింటుంటే అందరూ పట్టుకున్నారు. "రిటైరయ్యాక ఇప్పటికి అమెరికా ఒంటబట్టిందండీ మీకు!" అని. ఆయన కూడా నవ్వాడు. నిజానికి ఆ వారంలోనే ఆయన వేళ్ళలో ముద్ద నిలబడటం మానేసింది. అన్నం కలుపుతుంటే బొటనవేలు మాట వినడం లేదు, ముద్ద నోటిదాకా రాకముందే విడిపోయి కంచంలో పడుతోంది. చొక్కా గుండీలు పడుతున్నాయి, కారు తాళం తిరుగుతోంది, పెన్ను పట్టుకుంటున్నాడు. ముద్ద ఒక్కటే కుదరడం లేదు. ఒక డాక్టరు మెడలో నరం నొక్కుకుందన్నాడు. నిజమే కాబోలనుకుని మెడకి వ్యాయామాలు చేశాడు.

తర్వాతి ఏడాది చెత్తడబ్బా లోపలికి లాక్కొస్తూ డ్రైవ్‌వేలో కాలు మడతపడి పడిపోయాడు. చూడటానికి వెళ్ళాను. పొట్టి చేతుల బనీనుతో కూర్చున్నాడు. మోచేతి కింద చర్మం లోపల కండ సన్నగా అదురుతోంది. ఆయన కదపడం లేదు, దానంతట అదే. నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. ఆ అదురు నాకు కొత్తది కాదు. "రేపే న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకో అన్నయ్యా. రేపంటే రేపే" అన్నాను. "ఏం, అంత కొంప మునిగిందా?" అన్నాడు. నా మొహం చూసి వదిన లేచి ఫోన్ తెచ్చింది. పరీక్షలన్నీ అయి డాక్టరు జబ్బు పేరు చెప్పేసరికి చాలా నెలలు పట్టింది గానీ, నాకు ఆ కాఫీ దగ్గరే తెలిసిపోయింది.

అప్పుడే ఊళ్ళో ఒక కొత్త మందు ట్రయల్ మొదలవుతోంది. మనుషుల్ని రెండు భాగాలు చేసి, సగం మందికి మందు, సగం మందికి ఉత్త బిళ్ళ ఇస్తారు. ఎవరికి ఏది వచ్చిందో ఎవరికీ చెప్పరు. ఆ ట్రయల్ నాది కాదు. కానీ దాని ప్లాన్ వేసేటప్పుడు మాలాంటి బయటివాళ్ళని కొందరిని కూర్చోబెట్టి సలహా అడిగారు. అందులో ఒక రూలు గురించి నేను బల్ల గుద్ది వాదించాను. జబ్బు మొదలై రెండేళ్ళు దాటినవాళ్ళని తీసుకోకూడదని. ఒకాయన మూడేళ్ళు పెడదామన్నాడు, కుదరదన్నాను. ఎందుకంటే ఈ జబ్బు అందరిలో ఒకే వేగంతో నడవదు. కొందరిలో తొందరగా ముదురుతుంది, కొందరిలో మెల్లగా సాగుతుంది. చాలాకాలంగా ఉన్నవాళ్ళంటే మెల్లగా సాగేవాళ్ళని అర్థం. వాళ్ళు ఎక్కువమంది మందు వైపు పడితే, పనికిరాని మందు కూడా పనిచేసినట్టే కనపడుతుంది. అదే మంచి మందేమో అని జనం ఆశపడతారు. నా మాటే నెగ్గింది. అది సరైన రూలేనని ఇవాళ అడిగినా చెప్తాను.

అన్నయ్యకి ఆ ట్రయల్‌లో చోటు దొరుకుతుందేమో చూస్తామని హాస్పిటల్ వాళ్ళు పిలిచారు. వదిన హైవే మీద డ్రైవ్ చెయ్యదు, అన్నయ్య చేసే స్థితిలో లేడు. కాబట్టి నేను తీసుకెళ్ళాను. మనుషుల్ని తీసుకోవడంలో నా చెయ్యి ఏమీ లేదు, ఉండకూడదు కూడా. నేను డ్రైవర్ని, అంతే అనుకున్నాను.

దసరాలు వెళ్ళిన వారం అది. వదిన వెనక సీట్లో కూర్చుని హాస్పిటల్ వాళ్ళు పంపించిన కాగితాలు చదువుతోంది.

"ఏవండీ, జబ్బు ఎప్పుడు మొదలైందని అడుగుతారంట. డ్రైవ్‌వేలో పడ్డప్పుడని చెప్పండి. అది ఏడాది దాటిందంతే, రెండేళ్ళ లోపే."

"అంతకుముందే మొదలైంది కదోయ్" అన్నాడు అన్నయ్య. అప్పటికే ఆయన మాట కాస్త ముద్దగా వస్తోంది. "స్పూను."

"స్పూనేమిటి, మీ మొహం! స్పూనుతో తింటే జబ్బా? అలాగయితే ఈ దేశంలో అందరికీ జబ్బే."

"ఆ ఇంట్లో పాలు పొంగించింది శ్రావణంలో. రెండేళ్ళూ రెండు నెలలూ అయింది. దాటిపోయింది."

వదిన కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ముందుకి వంగి నా సీటు పట్టుకుంది. "ఈ రెండేళ్ళ గొడవ ఎవరు పెట్టారే అమ్మాయ్?"

"నేనే వదినా" అన్నాను. దాచి ఏం లాభం?

"నువ్వా!" అంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గొంతు మారిపోయింది. "అయితే నువ్వే చెప్పు తల్లీ. నీకు దణ్ణం పెడతాను. స్పూను లెక్కలోకి వస్తుందా?"

ఎర్ర లైటు పడి కారాపాను. నాకు అప్పటిదాకా తట్టని సంగతి ఒకటి అప్పుడు తట్టింది. మేము ఆ రూలు రాసింది ఫోర్కుతో తినేవాళ్ళని చూసి. అన్నయ్య పక్కింటి తెల్లాయనకి ఇదే జబ్బు, ఇదే బొటనవేలితో వచ్చుంటే ఆయనకి ఏ తేడా తెలిసేది కాదు. ఎప్పుడో ఆరు నెలల తర్వాత తాళంచెవి చేతిలోంచి జారితే, అదే మొదలని చెప్పేవాడు. హాయిగా ట్రయల్‌లో చేరేవాడు. అన్నం చేత్తో కలుపుకునే మనిషి కాబట్టి అన్నయ్యకి ముందే తెలిసింది. ముందే తెలియడం వల్ల ట్రయల్ బయటే ఉండిపోతున్నాడు. ఇదెక్కడి న్యాయం?

"రాదు వదినా" అన్నాను.

అన్నయ్య నావైపు తిరిగాడు.

"రాదు" అన్నాను మళ్ళీ. "చూడన్నయ్యా, రూలు అసలు ఉద్దేశం వేరే. మామూలుగా అందరికీ ఎప్పుడు తెలుస్తుందో అదే మొదలు. ముద్ద కట్టడం వాళ్ళ లెక్కలో లేదు. ఆ మాట నువ్వు ఎత్తకు. పడ్డానని చెప్పు, చాలు. రూలు పెట్టించిందాన్ని నేనే చెప్తున్నాను."

"విన్నారా?" అంది వదిన. "కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? రూలు పెట్టినావిడే వద్దంటోంటే మధ్యలో మీకేమిటి?"

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు ఆగడానికి కొంచెం సేపు పట్టింది. "లాజిక్కు బానే ఉందే" అన్నాడు నాతో. "మా కాంట్రాక్టర్లు కూడా లాజిక్కులు బానే చెప్పేవాళ్ళు. రోడ్డు మీద ఒక కాంక్రీటు పోసి, పరీక్షకి మాత్రం మంచిది కలిపి తెచ్చేవాళ్ళు. నా మిషన్‌లో పెడితే పాసయ్యేది. తర్వాత రోడ్డు పగిలేది. నేను స్పూను దాచిపెట్టి వెళ్తే, మీ మందు పరీక్షలో నేనూ ఆ కాంక్రీటే కదా?"

"నువ్వొక్కడివి వెళ్తే ఏమీ పగలదు!" అరిచాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు, పచ్చ లైటు ఎప్పుడు పడిందో చూసుకోలేదు. "నాకు ఆ పరీక్ష అక్కర్లేదన్నయ్యా. నువ్వు కావాలి."

"అందరూ ఒక్కొక్కళ్ళేనే" అన్నాడు.

నేను కారు ముందుకి పోనిచ్చాను. హాస్పిటల్ వచ్చేదాకా మనసులో దేవుడికి మొక్కుకున్నాను, నాకు అలవాటు లేని పని. ఆయన మనసు మారాలని కాదు. డాక్టరుకి స్పూను సంగతి అర్థం కాకూడదని.

నిజంగానే అర్థం కాలేదు. కుర్ర డాక్టరు, మర్యాదస్తుడు. మొట్టమొదట మీకు ఏ తేడా కనిపించింది సార్ అని అడిగాడు. ఐ స్టార్టెడ్ ఈటింగ్ విత్ ఎ స్పూన్ అన్నాడు అన్నయ్య. డాక్టరు నవ్వుమొహం పెట్టి, స్పూనా, అందులో కొత్తేముంది సార్ అన్నాడు. గుండీలు? పట్టేవి. తాళం? తిరిగేది. రాయడం? రాసేవాణ్ణి. అయితే చేతిలో అప్పుడేం లేదన్నమాట, పడిపోయింది ఎప్పుడో చెప్పండి అని పెన్ను తీసుకున్నాడు. వదిన నా మోచెయ్యి పట్టుకుంది. తలుపు తెరిచే ఉంది, దాటితే చాలు.

అన్నయ్య కుడిచెయ్యి ఎడమచేత్తో ఎత్తి డాక్టరు బల్ల మీద పెట్టుకున్నాడు. మా ఇళ్ళల్లో చేత్తో తింటామని, అన్నం ఇలా కలుపుతామని, వేళ్ళు ఇలా దగ్గరకి తెచ్చి బొటనవేలితో తోస్తామని చూపించబోయాడు. వేళ్ళు దగ్గరకి రాలేదు. రాకపోవడమే చూపించాడు. ఏ నెలలో అది మొదలైందో చెప్పాడు. డాక్టరు నవ్వు పోయింది. పెన్ను కాగితం మీద అలాగే కాసేపు పెట్టి ఉంచి, తర్వాత ఆ నెల రాసుకున్నాడు. ఐయామ్ సారీ సార్ అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వదిన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటి ముందు అన్నయ్యని నెమ్మదిగా దింపి, గుమ్మంలోకి పంపించి, నా వైపు వచ్చింది. "ఆయన్ని నేనేం అనలేను, జబ్బు మనిషి" అంది. "నిన్ను అంటాను. ఆ రెండు మూడు చేస్తే నీ సొమ్మేం పోయేదే? మూడేళ్ళు పెడతానన్న ఆయన పుణ్యాత్ముడు." తలుపేసుకుంది.

అప్పటినుంచి నాతో మాట మానేసింది. నాకూ పౌరుషం ఉంది. అయినా ప్రతి ఆదివారం వెళ్ళాను. వదిన తలుపు తీసి, పక్కకి జరిగి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. కాఫీ లేదు, "తిన్నావా" అన్న మాట లేదు. అన్నయ్య మాత్రం నన్ను చూడగానే కళ్ళతో కుర్చీ చూపించేవాడు. రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేసే వాళ్ళబ్బాయి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఒక కొత్త వస్తువు దిగేది. చక్రాల కుర్చీ, మనిషిని మంచం మీంచి లేపే మిషను, ఊపిరికి సాయం చేసే మిషను. పొట్టలోకి గొట్టం వేశారు. వదిన బంగినపల్లి రసం వడకట్టి ఒక చుక్క ఆయన నాలిక మీద రాసి, మిగతాది తను తాగకుండా పారబోసేది.

గొంతు పోయాక కంటిచూపుతో టైప్ చేసే మిషను పెట్టారు. తెర మీద ఏ అక్షరం చూస్తే ఆ అక్షరం పడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాడు. ఒక అమెరికన్ గొంతు దాన్ని వంకరటింకరగా చదివేది. మాకు అదీ అలవాటైపోయింది. జబ్బు ఆయన నవ్వునీ ఏడుపునీ కూడా వదులు చేసేసింది. టీవీలో ఎవరో పూరీ పొంగిస్తుంటే భోరున ఏడ్చేవాడు. మొహమంతా వంకరపోయి, హఠాత్తుగా మొదలై, హఠాత్తుగా ఆగిపోయేది. నరాల వల్ల అలా వస్తుంది, మనసుతో సంబంధం లేదని వదినకి చాలా రోజుల కిందట నేనే చెప్పాను. అందుకని ఆవిడ తువ్వాలుతో తుడుస్తూ, "మీరు కాదు లెండి, జబ్బు ఏడుస్తోంది" అనేది.

ట్రయల్ ఫలితం ఒక పనిరోజు మధ్యాహ్నం వచ్చింది. మందు పని చెయ్యలేదు. మందు వేసుకున్నవాళ్ళకీ, ఉత్త బిళ్ళ వేసుకున్నవాళ్ళకీ తేడా ఏమీ లేదు. మా ల్యాబ్‌లో ఎవరూ లంచ్ తినలేదు. నాతో పనిచేసే అమ్మాయి ఒకతె బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది. ఆ మందుకి మూలమైన పనిలో మా పళ్ళాల్లో చచ్చిన కణాలూ ఉన్నాయి. నేను ఏడవలేదు. నా లోపల ఎవరో "హమ్మయ్య" అన్నారు. ఎవరో ఏమిటి, నేనే అన్నాను. ఈ జబ్బుకి మందు దొరకాలని జీవితమంతా ధారపోసిన మనిషిని, దొరకలేదని తెలిసి గుండె తేలికపడి, కారు తాళాలు తీసుకుని పరిగెత్తాను.

వదిన తలుపు తీసి పక్కకి జరగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "మందు పనిచెయ్యలేదు వదినా. ఎవరికీ పనిచెయ్యలేదు."

"అంటే... మనం అందులో చేరినా..."

"చేరినా ఇంతే. ఏ తేడా ఉండేది కాదు."

అక్కడే చెప్పుల స్టాండు మీద కూలబడింది. నన్ను దగ్గరకి లాక్కుంది. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా నా భుజం మీద ఏడ్చి, మధ్యలో నవ్వి, "కాఫీ పెడతానుండవే, నా తల్లి, ఎంత చిక్కిపోయావే" అని, పెట్టకుండా నన్ను అన్నయ్య గదిలోకి లాక్కెళ్ళింది.

"ఏవండీ, విన్నారా? ఆ మందు ఉత్తదేనంట! ఎవరికీ పనిచెయ్యలేదంట! మనం పోగొట్టుకున్నదేమీ లేదండీ!"

నేనూ పక్కనే నిలబడి నవ్వుతున్నాను. "అవునన్నయ్యా. ఏమీ పోగొట్టుకోలేదు."

అన్నయ్య మంచం మీంచి మా ఇద్దర్నీ చూశాడు. తర్వాత తెర వైపు చూపు తిప్పాడు. అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. ఆ అమెరికన్ గొంతు "వాల్లు" అంది.

"ఎవరన్నయ్యా?"

మళ్ళీ అక్షరాలు. మందు వేసుకున్నవాళ్ళు.

"వాళ్ళకి ఫోన్లు చేసి చెప్తారన్నయ్యా. డాక్టర్లే చెప్తారు."

తెర మీద కొత్త అక్షరం పడలేదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మొహం వంకరపోలేదు. శబ్దం లేదు. చెవుల్లోకి అలా కారుతూనే ఉన్నాయి.

వదిన కంగారుగా తువ్వాలు అందుకుంది. "ఏం లేదు లెండి, ఏం లేదు, జబ్బు ఏడుస్తోంది."

నేను ఆవిడ చేతిలోంచి తువ్వాలు తీసుకున్నాను.

"జబ్బు కాదు వదినా" అన్నాను. "అన్నయ్యే."